గుండె గోడ కబుర్లు

మన ఇళ్ళల్లో గ్యాసు అనే మాటకి ఉన్నంత పలుకుబడి ఇంకే మాటకీ లేదు. నడుం పట్టేస్తే గ్యాసు, తల తిరిగితే గ్యాసు, వీపులో పొడిస్తే గ్యాసు. అయితే ఇందులో ఒక చిన్న తిరకాసు ఉంది. ఇంటాయనకి గుండెల్లో కాస్త చురుక్కుమంటే చాలు, పక్కింటివాళ్ళ కారు మన గుమ్మంలోకి వచ్చేస్తుంది. అదే ఇల్లాలికి చురుక్కుమంటే వాము నీళ్ళు వస్తాయి. అవి కూడా ఎవరో తెచ్చిస్తారనుకునేరు, ఆవిడే లేచి కాచుకోవాలి.

మా పెద్ద ఆడపడుచుగారి సంగతే చూడండి. ఆవిడకి 61 ఏళ్ళు. మూడో అంతస్తులో కాపురం. లిఫ్టు నెలలో సగం రోజులు పనిచెయ్యదు. కూరల సంచీ పట్టుకుని రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి రొమ్ము మీద ఎవరో రోకలి అడ్డంగా పెట్టి నొక్కినట్టు అయ్యేదట. సంచీ కింద పెట్టి, గోడనానుకుని రెండు నిమిషాలు నిలబడితే మాయం. మూడు నెలల పాటు ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. చెప్పాక అన్నయ్యగారు "రాత్రి పెసరట్లు మూడు తిన్నావుగా" అన్నారు. ఒక డాక్టరుగారికి చూపించారు. ఆయన ఈసీజీ తీయించారు. గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి. "ఈ వయసులో ఆడవాళ్ళకి కంగారెక్కువమ్మా, గ్యాసుకి మాత్రలు రాస్తున్నాను" అన్నారు. దాంతో పెసరట్ల కేసులో తీర్పు ఖాయమైపోయింది.

రెండో డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడుది. ఆ అమ్మాయి పెసరట్ల లెక్క అడగలేదు. "ఏం చేస్తుంటే వస్తుందమ్మా నొప్పి? ఏం చేస్తే పోతుంది?" అని మాత్రం అడిగింది. "మెట్లెక్కితే వస్తుంది, ఆగితే పోతుంది" అన్నారు వదినగారు. "అయితే గుండెకి ఎకో తీద్దాం. ముందు ఊరికే పడుకోబెట్టి ఒకసారి, నడిపించి ఇంకోసారి" అంది.

ఎకో గది బయట బెంచీ మీద కూచున్నాం. ఎదురుగా గోడకి పెద్ద బోర్డు. ఇక్కడ గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ చేయబడదు, అది చట్టరీత్యా నేరం అని. వదినగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఏమే అమ్మాయ్, ఈ వయసులో నన్నేమిటే అనుమానిస్తున్నారు?" అన్నారు. అంత భయంలోనూ నవ్వొచ్చేసింది. కడుపులో బిడ్డని చూసే యంత్రమూ, గుండెని చూసే యంత్రమూ ఒక జాతివే. అందుకని 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద గుండె డాక్టర్లు కూడా తమ యంత్రాన్ని నమోదు చేయించుకుని ఆ బోర్డు పెట్టుకోవాలి. ఆ మాటే చెప్పాను. "ఓసినీ! బిడ్డనీ గుండెనీ ఒకే మిషన్‌తో చూసేస్తారా? ఎవరే దీన్ని కనిపెట్టింది?" అన్నారు.

నాకేం తెలుసు? అప్పటికి తెలీదన్నాను. తరవాత నెలరోజుల పాటు దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివినకొద్దీ ఇది యంత్రం కథ కాదనీ, నొప్పిని నమ్మడం, నమ్మకపోవడం గురించిన కథ అనీ అనిపించింది.

మెట్లెక్కితే వచ్చి, ఆగితే పోయే ఆ నొప్పికి పేరు పెట్టినాయన విలియం హెబర్డెన్ అనే ఇంగ్లీషు వైద్యుడు. 1768 జూలైలో లండన్‌లోని రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ వారి సభలో ఆయన ఒక వ్యాసం చదివాడు. నడుస్తూంటే, అందులోనూ ఎత్తు ఎక్కుతూంటే, మరీ భోజనం చేశాక, రొమ్ములో నులిమినట్టు వస్తుందనీ, నిలబడగానే పోతుందనీ ఎంతో చక్కగా వర్ణించాడు. యాంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టాడు. అంటే మా వదినగారి రోకలికి లాటిన్ పేరన్నమాట! కాని గుండెకి నెత్తురు పట్టుకొచ్చే నాళాలు సన్నబడితే ఇలా అవుతుందని ఆయనకి తెలీదు. ఆయన పోయాక 1802లో అచ్చయిన పుస్తకంలో ఒక లెక్క ఉంది. తాను చూసిన దాదాపు 100 మంది ఇలాంటి రోగుల్లో ఆడవాళ్ళు ముగ్గురు. ఇంకొకడు 12 ఏళ్ళ కుర్రాడు. మిగిలినవాళ్ళంతా ఇంచుమించు 50 దాటిన మగవాళ్ళు.

ముగ్గురే ఎందుకున్నారంటారు? ఆ కాలపు ఇంగ్లాండులో ఆడవాళ్ళు మెట్లెక్కలేదా, బిందెలు మొయ్యలేదా? వాళ్ళలో ఎందరు అంత పెద్ద వైద్యుడి గుమ్మం తొక్కారో ఎవరు లెక్కపెట్టారు గనక! ఏమైతేనేం, గుండెనొప్పి పెద్దవయసు మగవాళ్ళ జబ్బు అన్న ముద్ర అక్కడ పడింది. ఆ ముద్ర చెరగడానికి రెండు వందల ఏళ్ళు చాలలేదు.

గుండె మాట వినడానికి వైద్యుడికి మొదట ఉన్నది చెవి ఒక్కటే. రొమ్ముకి చెవి ఆనించి వినేవారు. 1816లో పారిస్‌లో రెనే లెనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బుతో ఒక యువతి వచ్చింది. కాస్త ఒళ్ళున్న మనిషి. పైగా వయసులో ఉన్న పిల్ల, చెవి ఆనించడం మర్యాద కాదు. ఆయన కాగితాల దొంతర గొట్టంలా చుట్టి, ఒక కొన అటు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకున్నాడు. ఉత్త చెవికన్నా స్పష్టంగా వినిపించిందట. స్టెతస్కోపు అలా పుట్టింది. ఒక ఆడపిల్ల సిగ్గు వైద్యానికి చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు.

అయితే స్టెతస్కోపు గుండె తనంతట తాను చేసే చప్పుడునే వినిపిస్తుంది. గుండె నోరు విప్పకపోతే? అప్పుడు మనమే చప్పుడు చేసి జవాబు రాబట్టాలి. చిన్నప్పుడు నూతి గట్టు మీద వంగి "ఓ" అని అరవలేదూ? నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో మారుపలుకు ఆలస్యాన్ని బట్టి చెప్పొచ్చు. ఎకో అన్న మాటకి అర్థం ఆ మారుపలుకే. మనిషి చెవికి అందనంత సన్నని ధ్వనిని పుట్టించే ఉపాయం ఫ్రాన్సులో అన్నదమ్ములిద్దరు 1880లో కనిపెట్టిన సంగతిలోంచి వచ్చింది. కొన్ని స్ఫటికాలని నొక్కితే విద్యుత్తు పుడుతుందని వాళ్ళు చూపించారు. తరవాత తేలిందేమిటంటే, విద్యుత్తు పెడితే ఆ స్ఫటికాలు వణుకుతాయి. ఆ తమ్ముడు పియరీ క్యూరీ, మన మేడం క్యూరీ పెనిమిటి. మొదటి ప్రపంచయుద్ధంలో పియరీ శిష్యుడు లాంజెవిన్ ఆ స్ఫటికాలతోనే సముద్రంలో దాగిన జలాంతర్గాములని వెతకబోయాడు. ఆ పైన ఫ్యాక్టరీల్లో ఇనుప రేకుల లోపల పగుళ్ళు వెతకడానికి కూడా ఈ ధ్వని పనికొచ్చింది. ఇనుములో పగులు పట్టుకున్న చెయ్యి మనిషి దాకా రావడానికి ఒక మంచి స్నేహం కావలసివచ్చింది.

స్వీడన్ దక్షిణాన లుండ్ అనే పాత విశ్వవిద్యాలయపు ఊరు ఉంది. అక్కడ ఆస్పత్రిలో గుండె విభాగం చూసేవాడు ఇంగే ఎడ్లర్. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక గుండె కవాటాలకి ఆపరేషన్లు మొదలయ్యాయి. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చినవాళ్ళకి ఎడమవైపు కవాటం బిగుసుకుపోతుంది, లేదా కారుతుంది. మన దేశంలో అయితే ఇలాంటిది ఎందరో అమ్మాయిలకి తొలి కానుపు వేళ ఆయాసంతో బయటపడేది. బిగుసుకుంటే ఒక ఆపరేషను, కారితే అది పనికిరాదు. రొమ్ము కోశాక పొరపాటు తెలిస్తే ఏం లాభం? కోయకుండా చూసే దారి లేదా అని ఎడ్లర్ దిగులు పడుతుండేవాడు. సముద్రం మీద ఓడలని రాడారు పట్టుకుంటుంది గదా, అలాంటిది గుండెకి పనికిరాదా అని ఆ ఊళ్ళోనే ఉన్న ఒక కుర్ర భౌతికశాస్త్రజ్ఞుణ్ణి అడిగాడు. అతడు కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్. రాడారు కాదు, ధ్వని వాడి చూద్దాం అన్నాడు హెర్ట్జ్.

ఈ హెర్ట్జ్‌ది మామూలు ఇల్లు కాదు సుమండీ. తండ్రి గుస్తావ్ 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆ తండ్రికి పెదనాన్న హైన్‌రిష్ హెర్ట్జ్, రేడియో తరంగాలని మొదట పట్టి చూపించిన మహానుభావుడు. రేడియో మీద ఇన్ని మెగాహెర్ట్జ్ అని మనం రోజూ వినే మాట ఆయన పేరే. మన చెవి 20,000 హెర్ట్జ్ దాకానే వినగలదు. గుండెని చూసే ధ్వని 20 లక్షలూ ఆ పైనా. అంటే మనవడి యంత్రం పలికే ధ్వనిని కొలిచేది తాతగారి పేరుతోనే!

పక్కనే మాల్మో రేవులో కోకమ్స్ అనే ఓడల కర్మాగారం ఉండేది. అక్కడ ఇనుములో లోపాలు వెతికే ధ్వని యంత్రం ఉంది. 1953లో హెర్ట్జ్ అక్కడికి వెళ్ళి, ఇనుము మీద పెట్టవలసిన ఆ బిళ్ళని తన రొమ్ముకే పెట్టుకున్నాడు. తెర మీద ఒక వెలుగు మొన లేచి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూ ఇటూ కదిలింది. ఓడకి తీసే స్కానింగు మనిషికి తీశారన్నమాట. తరవాత సీమెన్స్ కంపెనీ అలాంటి యంత్రం ఒకటి ఎరువిచ్చింది. తండ్రిగారు ఒకప్పుడు అదే కంపెనీ పరిశోధనశాలకి పెద్ద. ఏ దేశమైనా సిఫార్సు సిఫార్సే లెండి. 1953 అక్టోబరు 29న ఎడ్లర్, హెర్ట్జ్ కలిసి కొట్టుకుంటున్న గుండె మారుపలుకుని మొదటిసారి ఫిలిం మీదికి ఎక్కించారు.

బొమ్మ అనుకునేరు! ఇవాళ మనం చూసే బొమ్మ కాదది. వంకర టింకర గీతలు. ఏ గీత గుండెలో ఏ భాగానిదో వాళ్ళకే సరిగా తెలీదు. కవాటం గీతని చూసి, గుండె పైగది ముందుగోడ అని మొదట పొరబడ్డారు కూడా. చావుకి దగ్గరైన రోగుల మీద ధ్వని ఏ దిక్కుగా వెళ్ళిందో గుర్తు పెట్టుకుని, వాళ్ళు పోయాక అదే దిక్కున మంచు పగలగొట్టే సూదిని దించి, అది దేన్ని తాకిందో చూసి నిజం తెలుసుకున్నాడు ఎడ్లర్. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కాని తరవాతివాళ్ళ రొమ్ము అనవసరంగా కోయకుండా కాపాడింది ఆ సూదే. 1977లో ఇద్దరికీ కలిపి అమెరికాలో లాస్కర్ బహుమతి ఇచ్చారు. అన్నట్టు, ఇవాళ పిల్లల స్కూలు ప్రాజెక్టులు అచ్చువేసే ఇంకుజెట్టు ప్రింటర్ల వెనక పరిశోధనలో కూడా ఈ హెర్ట్జ్ చెయ్యి ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం. 1954లో వాళ్ళిద్దరూ అచ్చువేసిన మొదటి వ్యాసం పేరులోనే గుండె గోడల కదలికలు అన్న మాట ఉంది. అయినా తరవాత చాలాకాలం అందరి కళ్ళూ కవాటం మీదే. గోడని పట్టించుకున్నవాడు లేడు. మా వదినగారి కథకి కావలసింది మాత్రం ఆ గోడే.

గోడ సంగతి చెప్పాలంటే ఇంకొంచెం వెనక్కి, అమెరికాలో క్లీవ్‌లాండ్‌కి వెళ్ళాలి. 1935లో అక్కడ రాబర్ట్ టెనెంట్, కార్ల్ విగ్గర్స్ అనే ఇద్దరు కుక్కల గుండె మీద ఒక ప్రయోగం చేశారు. గుండెకి నెత్తురు తెచ్చే నాళాన్ని కట్టేశారు. ఆ నాళం తడిపే మేరలో కండ, నిమిషం తిరక్కుండానే ముడుచుకోవడం మానేసింది. పైగా మిగతా గుండె లోపలికి ముడుచుకుంటుంటే ఇది మాత్రం బయటికి ఉబికింది. కట్టు త్వరగా విప్పితే మళ్ళీ పనిలోకి వచ్చింది.

మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్ళకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కాలవ పూడుకుపోయిందో లేదో తెలుసుకోవాలంటే కాలవలోకే దిగనక్కర్లేదు, శివారు చేను చూస్తే చాలు. చేను వాడిందంటే నీరు అందటం లేదన్నమాట. ఎకో చేసే పని సరిగ్గా ఇదే. చాలామంది ఎకోలో నాళాల్లో అడ్డు కనిపిస్తుందనుకుంటారు. ఆ నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల లావుంటాయి, గుండెతోపాటు ఎగురుతూ ఉంటాయి. రొమ్ము మీద పెట్టే మామూలు ఎకోకి వాటిలో అడ్డు అందదు. అది చూసేది కాలవని కాదు, చేనుని. కాలవలోకి దిగి చూసేది యాంజియోగ్రాం. అదీ అదే క్లీవ్‌లాండ్‌లో 1958లో పొరపాటున పుట్టింది. మేసన్ సోన్స్ అనే డాక్టరు ఇంకెక్కడో రంగుమందు ఎక్కిస్తుంటే గొట్టం జారి గుండె నాళంలోకి పోయింది. మనిషి పోయాడే అనుకున్నారు. పోలేదు సరిగదా నాళం మొత్తం తెర మీద మెరిసింది.

కుక్క గుండెలో 1935లో తెలిసిన సంగతీ, లుండ్‌లో 1953లో దొరికిన చూపూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. కలిపినవాళ్ళలో ముఖ్యుడు హార్వే ఫీగెన్‌బామ్. అమెరికాలో ఇండియానాపొలిస్ ఆయనది. 1963లో ధ్వనితో గుండెని కొలుస్తామనే ఒక యంత్రం ప్రకటన చూసి, దాన్ని చూడబోయాడు. ప్రకటన చెప్పినంత అందులో లేదు, కాని బిళ్ళ తన రొమ్ము మీద పెట్టుకుంటే గుండె వెనక గోడ కదలడం కనిపించింది. ఊరికి తిరిగొచ్చి, మెదడు పరీక్షకని కొని మూలపడేసిన యంత్రాన్ని అడిగి తెచ్చుకుని పని మొదలెట్టాడు. గుండె చుట్టూ నీరు చేరితే పట్టుకునే పద్ధతి 1965లో ప్రకటించాడు. 1972లో ఈ విద్యకి పాఠ్యపుస్తకం రాశాడు. 1973లో ఆయన బృందం, నాళం దెబ్బతిన్నవాళ్ళ గుండెలో గోడ ఒకచోట సరిగా కదలకపోవడాన్ని ఎకో గీతల్లో చూపించింది.

కాని అప్పటి ఎకో తలుపు సందులోంచి తొంగిచూడటం లాంటిది. ఒక్క గీత దారిలో ఏముందో అదే కనబడుతుంది. సందు పక్కన గోడ కూలిపోయినా తెలీదు. 1971లో హాలండ్‌లోని రోటర్‌డాంలో క్లాస్ బాం అనే ఆయన ఒక్క స్ఫటికం బదులు చాలా స్ఫటికాలు వరసగా పేర్చి, కదిలే బొమ్మ తెప్పించాడు. ఆ పైన ఆ దశాబ్దంలోనే అమెరికాలో ఇంకా మెరుగైన పద్ధతులు వచ్చాయి. తలుపు బార్లా తెరుచుకుంది. మనం టూడీ ఎకో అంటామే, అది ఇదే.

1982లో హారోవిట్జ్, ఆయన తోటివాళ్ళు గుండెల్లో నొప్పి అంటూ వచ్చినవాళ్ళకి మొదటి గంటల్లోనే ఈ ఎకో తీసి చూశారు. బొమ్మ బాగా వచ్చినవాళ్ళలో నిజంగా గుండెపోటు అని తరవాత తేలినవాళ్ళు 33 మంది. వాళ్ళలో 31 మందికి గోడ కదలిక తేడాగా ఉండటం ఎకోలో ముందే కనబడింది. ఇద్దరిని అది పట్టుకోలేకపోయింది. ఆ ఇద్దరినీ మరిచిపోకూడదు. ఎకో బాగుంది గనక నొప్పి అబద్ధం అనే డాక్టరు చేతిలో వాళ్ళ గతి ఏమిటి?

ఇదంతా నొప్పి వస్తుండగా చూస్తే. మా వదినగారిలా మెట్ల మీద మాత్రమే వచ్చే నొప్పి సంగతో? బల్ల మీద పడుకున్న మనిషికి నొప్పీ లేదు, గోడలో తేడా లేదు, ఈసీజీలో మచ్చ లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం! మళ్ళీ మన చేను దగ్గరికే రండి. సగం పూడిన కాలవైనా మామూలు రోజుల్లో చేలకి సరిపోతుంది. నాట్ల రోజుల్లో అందరికీ ఒక్కసారే నీళ్ళు కావలసివచ్చినప్పుడు గదా శివారు ఎండిపోయేది? గుండెకి నాట్ల రోజులు మెట్లెక్కడమే. కనక గుండెకి పని పెట్టి చూడాలి. 1979లో శామ్యూల్ వాన్, ఫీగెన్‌బామ్, మరికొందరు ఇండియానాలోనే రోగులని పడుకోబెట్టి సైకిలు తొక్కిస్తూ ఎకో తీశారు. తొక్కేటప్పుడు గోడలో ఒక భాగం మొరాయించడం కళ్ళకు కట్టింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు సైకిలేం తొక్కుతారు, పరుగేం పెడతారు? వాళ్ళ కోసం మందు ఎక్కించి గుండెకి పరీక్ష పెట్టే పద్ధతులు వచ్చాయి. 1985లో ఇటలీలోని పీసాలో పికానో ఒక మందుతో, 1986లో బెల్జియంలో బెర్త్ బృందం డోబుటమిన్ అనే ఇంకో మందుతో ఆ దారి వేశారు.

1987లో నెస్టో, కోవల్‌చుక్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక వరసని స్పష్టంగా చెప్పారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మనసుకి పట్టింది అదే. గుండె కండకి నెత్తురు తగ్గితే ముందుగా గోడ పని మందగిస్తుందట. ఆ తరవాత ఈసీజీ గీత మారుతుంది. నొప్పి అన్నిటికన్నా ఆఖరున. అంటే మనిషి "అమ్మా" అనకముందే గోడ అనేస్తుంది. రోగి నొప్పి అంటే అతిశయమని కొట్టిపారెయ్యొచ్చు. గోడకి ఏ కంగారూ లేదు, ఏ పెసరట్టూ తినలేదు. దాని మాట ఎలా కాదంటారు?

ఆడవాళ్ళకి ఈ సాక్ష్యం ఇంకా అవసరం. ట్రెడ్‌మిల్లు మీద నడిపించి ఉత్త ఈసీజీ చూసే పరీక్ష మగవాళ్ళలో చెప్పినంత నమ్మకంగా ఆడవాళ్ళలో చెప్పలేదని చాలాకాలంగా తెలిసిందే. జబ్బు లేకపోయినా గీత మారవచ్చు. ఎకో కలిపి చూస్తే ఆ పొరపాట్లు తగ్గుతాయి. అలాగని ఎకోని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. లావుగా ఉన్నవాళ్ళకి, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకి బొమ్మ మసగ్గా రావచ్చు. చూసే కంటి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. 1996లో అమెరికా ప్రభుత్వ సాయంతో ఆడవాళ్ళ మీదే ప్రత్యేకంగా మొదలైన వైజ్ అనే పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. గుండెనొప్పితో వచ్చి, యాంజియోగ్రాంలో పెద్ద నాళాలు బాగున్నాయనిపించుకున్న ఆడవాళ్ళలో చాలామందికి కంటికి ఆనని చిన్న నాళాల్లో ఇబ్బంది ఉందిట. పెద్ద కాలవ నిండుగానే ఉంది, పిల్ల బోదెల్లో నీరు పారటం లేదు. ఇన్నాళ్ళూ ఎందరిని "ఏమీ లేదమ్మా, ఇంటికెళ్ళు" అని పంపేశారో!

మా వదినగారి పరీక్షకి వద్దాం. ముందు ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టి, చల్లని జెల్లీ రాసి ఒకసారి చూశారు. బాగానే ఉంది. అప్పుడు ట్రెడ్‌మిల్లు ఎక్కించారు. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, పళ్ళు బిగబట్టి నడిచారావిడ. ఆరో నిమిషంలో రోకలి వచ్చింది. వెంటనే దింపి, ఊపిరి తీసుకోనియ్యకుండా మళ్ళీ బల్ల మీదికి తిప్పారు. ఆలస్యమైతే గోడ మామూలైపోతుందిట, నిమిషం నిమిషమున్నరలో చూసెయ్యాలి. చిన్న డాక్టరు తెర మీద నడకకి ముందూ తరవాతా తీసిన బొమ్మల్ని పక్కపక్కన పెట్టి నన్ను పిలిచి చూపించింది. గుండె నలువైపులా గుప్పిట మూసినట్టు ముడుచుకుంటోంది. కొన వైపు ముందుగోడ మాత్రం ముడుచుకోవడం లేదు. మిగతా వేళ్ళన్నీ మూసుకుని ఒక్క వేలు మొండిగా నిలబడిపోయినట్టు. నాకు గుండె జబ్బుల చదువు లేదు, అయినా కనిపించింది.

యాంజియోగ్రాంలో ముందువైపు పెద్ద నాళం ముప్పాతిక పైగా పూడి ఉందన్నారు. స్టెంటు వేశారు. పూడిక తీసి లాకు ఎత్తినట్టే.

మూడు నెలల తరవాత మళ్ళీ నడిపించి ఎకో తీశారు. ఈసారి అన్నయ్యగారు కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు చదువుతూ నిలబడ్డారు. నడక అయ్యాక వదినగారు తల తిప్పి, "ఆ గోడ కదులుతోందా తల్లీ?" అని అడిగారు. డాక్టరమ్మాయి తెర ఆవిడ వైపు తిప్పింది. అన్ని వైపులా ఒక్కలాగే ముడుచుకుంటోంది. వదినగారు చాలాసేపు చూశారు. తరవాత నాతో, "అమ్మాయ్, మీ అన్నయ్యగారిని లోపలికి పిలవ్వే. అందులో పెసరట్లు ఎక్కడున్నాయో చూపిస్తారేమో చూద్దాం" అన్నారు.